పలాస జీడి యూనిట్లకు రెండో దారి కావాలి

సంపాదకులు గారికి,
నమస్కారం.

ఉత్తరాంధ్రకు రాబోయే రేవు, విమానాశ్రయం, కొత్త పారిశ్రామికవాడల గురించి మీ పత్రిక కొంతకాలంగా వివరంగా రాస్తోంది. అవి రావలసినవే. అయితే ఇప్పటికే ఇక్కడ నడుస్తున్న పరిశ్రమకు రెండు వారాల పాటు ముడిసరకు అందకపోతే, కరెంటు పోతే, జాతీయ రహదారి మీద లారీ కదలకపోతే ఏం జరుగుతుందో, అందుకు ముందుగా ఏం చేసుకోవచ్చో చర్చించే రాతలు మాత్రం అరుదుగా కనిపిస్తున్నాయి. పలాస-కాశీబుగ్గలో చిన్న జీడి యూనిట్ల ఖాతాలు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి, నాకు బాగా తెలిసిన ఈ పరిశ్రమనే తీసుకుని కొన్ని విషయాలను మీ పాఠకుల ముందు, ముఖ్యంగా యూనిట్ల యజమానులు, బ్యాంకుల వారు, జిల్లా అధికారుల ముందు ఉంచదలచుకున్నాను.

పలాస జీడిపప్పు పేరు దేశమంతటికీ తెలుసు. ఆ పప్పు తీసే పిక్కలన్నీ మన ఉద్దానం తోటల్లో కాసినవేనని బయటి ఊళ్ల వారు అనుకుంటూ ఉంటారు. ఉద్దానంలో పిక్క మార్చి నుంచి మే దాకా చేతికొస్తుంది. ఇక్కడి వందలాది యూనిట్లు ఏడాది పొడుగునా నడవాలంటే ఆ పంట ఏ మూలకూ చాలదు. మిగతా పిక్క ఐవరీకోస్ట్, ఘనా, టాంజానియా వంటి ఆఫ్రికా దేశాల నుంచి ఓడల మీద రావాలి. పశ్చిమ ఆఫ్రికా పంట మన పంట కాలంలోనే మొదలై జూన్ దాకా సాగుతుంది, టాంజానియా పంట అక్టోబరులో మొదలవుతుంది. విశాఖ రేవులో దిగిన సరకు లారీల్లో పలాస చేరుతుంది. చిన్న యూనిట్ యజమాని ఆఫ్రికా వ్యాపారితో నేరుగా బేరమాడలేడు. కంటెయినర్ల లెక్కన కొనడానికీ, బ్యాంకులో ఎల్‌సీ (అమ్మకందారుకు చెల్లింపు హామీ ఇచ్చే పత్రం) తెరవడానికీ, డాలరు ధరలోని ఎగుడుదిగుళ్లను తట్టుకోవడానికీ అతనికి స్తోమత ఉండదు. అందువల్ల పెద్ద దిగుమతిదారు దగ్గరో, అతని ఏజెంటు దగ్గరో లాట్ల లెక్కన, చాలావరకు అరువు మీద కొంటాడు. ఆ అరువు తీరేదాకా మరొకరి గడప తొక్కే వీలు ఉండదు. అందుకే ఎన్నో యూనిట్ల కొనుగోలు ఖాతా తెరిస్తే పేజీ తర్వాత పేజీ అదే సరఫరాదారు పేరు కనిపిస్తుంది. అందరికంటే బస్తాకు నాలుగు రూపాయలు తక్కువకు ఇచ్చిన మనిషే, తన సరకు ఆగిన రోజున యూనిట్‌ను కూడా ఆపేస్తాడు.

నేను చెప్పదలచుకున్నది ఇది. పిక్కల బస్తా ధరను పైసలతో సహా లెక్కగట్టే మనం, యూనిట్ ఆగిపోతే పడే నష్టాన్ని ఏ పద్దులోనూ రాయడం లేదు. పద్దులో లేని ఖర్చు కంటికి ఆనదు కాబట్టి ఒకే సరఫరాదారు, ఒకే గోదాము, ఒకే కరెంటు లైను మీద బతకడం పొదుపుగా తోస్తోంది. ఆ నష్టాన్ని కూడా బస్తా ధరలో కలిపి చూస్తే, రెండో చోటు నుంచి కొనడానికీ, రెండో చోట నిల్వ పెట్టడానికీ అయ్యే ఖర్చు దండగ అనిపించదు. ఏ చిన్న యూనిటూ ఆ ఏర్పాట్లను ఒంటరిగా చేసుకోలేదు, పది ఇరవై యూనిట్లు కలిస్తే చేసుకోగలవు.

యూనిట్ ఆగిపోవడమంటే తాళం వేసి, పరిస్థితి చక్కబడ్డాక మళ్లీ తీయడమేనని బయటి వారు అనుకోవచ్చు. లోపల జరిగేది చెబుతాను. ఎండబెట్టి నిల్వ చేసిన పిక్కకు ముందుగా బాయిలరులో ఆవిరి పడతారు. చల్లారాక కటింగ్ యంత్రం మీద తొక్క పగలగొట్టి పప్పు తీస్తారు. ఆ పప్పును ట్రేలలో పరిచి డ్రయ్యరులో గంటల తరబడి ఆరబెడితేనే పై పొర ఊడివస్తుంది. తర్వాత పీలింగ్, గ్రేడింగ్, టిన్నుల్లోకి ఎక్కించడం. టిన్నులోకి వెళ్లే పప్పులో తేమ ఐదు శాతం లోపే ఉండాలి. ట్రేల మీద పప్పు ఉండగా కరెంటు పోయి రెండు మూడు రోజులు రాకపోతే, తుపాను గాలిలోని తేమనంతా అది పీల్చుకుని మెత్తబడి మచ్చలు పడుతుంది, ఆ పైన బూజు పడుతుంది. డబ్ల్యూ 240 గ్రేడుకు పోవలసిన తెల్లని గుండు పప్పును ముక్కల ధరకు కూడా ఎవరూ అడగరు. జీడి తొక్కనే కాలుస్తారు కాబట్టి బాయిలరుకు ఇంధనం కొరత లేదు, కానీ దానికి నీళ్లు పంపే మోటారూ, డ్రయ్యరు ఫ్యానూ కరెంటు మీదే తిరగాలి. 2018లో తిత్లీ తుపాను తర్వాత ఒక యూనిట్‌లో పనిచేసే ఆడవాళ్లు, తమ ఇళ్ల పైకప్పులు ఎగిరిపోయిన స్థితిలో కూడా వచ్చి, సగం ఆరిన పప్పును గోనెల మీద పలచగా పరిచి, వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా ఎండకు పెట్టి కాపాడాలని తంటాలు పడటం నేను చూశాను. అందులో ఎక్కువ భాగం చివరికి పారబోయవలసి వచ్చింది.

ఈ ఆపద ఎప్పుడు వస్తుందో అంచనా కట్టలేనిది కూడా కాదు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, గంటకు 140-150 కిలోమీటర్ల గాలితో, పలాసకు దగ్గర్లోనే తీరం దాటింది. గులాబ్ మాత్రం కాస్త ముందుగా, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరానికి చేరింది. పెద్దవి మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. ఉత్తరాది టోకు వ్యాపారుల నుంచి దసరా, దీపావళి గిరాకీ ముమ్మరంగా ఉండేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. గోదాముల్లో టిన్నులు, దారిలో లారీలు, డ్రయ్యర్లలో పప్పు, బ్యాంకులో వాడుకున్న అప్పు, అన్నీ పతాక స్థాయికి చేరిన వారం అది. పోగొట్టుకోవడానికి మన చేతిలో అత్యధికంగా ఉన్నప్పుడే తుపాను వస్తోందని మూడు తేదీలు మనకు చెబుతున్నాయి. అయినా పండగ సరకు రవాణాను సెప్టెంబరుకు జరుపుకున్న యూనిట్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఇందులో పైసా ఖర్చు లేకుండా చేయగలిగినదొకటి ఉంది. తుపాను ఎటు వస్తోందో వాతావరణ శాఖ ఇప్పుడు రెండు మూడు రోజుల ముందే చెబుతోంది. ఆ హెచ్చరిక వచ్చిన పూటనుంచి కొత్త పిక్కకు ఆవిరి పట్టడం ఆపి, అప్పటికే కోసిన పప్పును మాత్రం పూర్తిగా ఆరబెట్టి టిన్నుల్లోకి ఎక్కించాలి. తొక్కలో ఉన్న పొడి పిక్క నెలల తరబడి చెడదు, టిన్నులో సీలు వేసిన పప్పూ చెడదు. ఈ రెంటికీ నడుమ ఉన్నదే చెడుతుంది. ఈ నియమం ప్రతి యూనిట్ గోడ మీదా రాసి ఉండాలి. అది చూసి బాయిలరు ఆపే అధికారం, యజమాని ఊళ్లో లేకపోయినా, మేస్త్రీకి ఉండాలి.

ముడిసరకు సంగతి ఇంతకంటే చిక్కైనది. తిత్లీ ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను కూల్చేసింది. మన పిక్క పోయినా ఆఫ్రికా పిక్క ఉందిలే అనుకునేలోగా, మరుసటి నెలలోనే టాంజానియాలో ధర దగ్గర రైతులకూ వ్యాపారులకూ పేచీ వచ్చి, అప్పటి అధ్యక్షుడు జాన్ మగుఫులి పంటంతా ప్రభుత్వమే కొంటుందని ప్రకటించి సైన్యాన్ని రంగంలోకి దించారు. ప్రైవేటు కొనుగోలుదారులు పక్కకు తప్పుకోవలసి వచ్చింది. ఇక్కడ గాలివాన, అక్కడ రాజకీయం. ఒకదానితో ఒకదానికి ఏ సంబంధమూ లేదు, కానీ రెండూ ఒకే సీజనులో పలాస గుమ్మంలోకి వచ్చాయి. తర్వాత, అంతవరకు మనకు పిక్క పంపిన పశ్చిమ ఆఫ్రికా దేశం బెనిన్ తమ ముడి పిక్క ఎగుమతిని 2024 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. తమ పిక్కను తామే పప్పు చేసి అమ్ముకోవాలని, ఆ పని తమ ప్రజలకే దొరకాలని ఆ దేశాలు కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఆ దారిలో ఇంకొన్ని దేశాలు నడిచే అవకాశమే ఎక్కువ. మిగిలిన పిక్క కోసం మనకంటే పెద్ద కొనుగోలుదారైన వియత్నాంతో పోటీ పడాలి. ఏ ఒక్క దేశం మీదైనా పూర్తిగా ఆధారపడిన యూనిట్‌కు ఇక ముందు నిశ్చింత ఉండదని, రెండు వేర్వేరు పంట కాలాల పిక్కను కలిపి కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

రవాణాలో కూడా మనకు దారులు రెండున్నాయన్న భ్రమ ఉంది. జాతీయ రహదారి 16 ఒకటి, హౌరా-చెన్నై రైలు మార్గం ఒకటి. పటం చూస్తే అవి పక్కపక్కనే పోతాయి, నాగావళినీ వంశధారనూ రెండూ దాటాలి. నదులు పొంగినా, తీరం మీద తుపాను పడినా రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజరు రైళ్లు ఢీకొన్న ఘోర ప్రమాదంలో ప్రాణాలు పోయిన కుటుంబాల దుఃఖం ముందు సరకు మాట ఎత్తడం భావ్యం కాదు. అయినా ఒక్క చోట లైను ఆగితే తీరం వెంబడి రాకపోకలన్నీ ఎలా స్తంభించాయో ఆ రోజు అందరం చూశాం. సంతబొమ్మాళి మండలం మూలపేటలో కట్టే రేవు పలాసకు చేరువలో ఉండటం మంచి విషయమే. కానీ అది కూడా ఇదే తీరం మీద ఉంది, తిత్లీ వంటి తుపాను దాన్నీ వదలదు. తీరానికి దూరంగా పోయే దారి కావాలంటే లోపలి వైపు చూడాలి. నౌపడ నుంచి గుణుపూర్ పోయే రైలు మార్గాన్ని తెరుబలి దాకా పొడిగించడానికి కేంద్రం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. ఆ పొడిగింపు పూర్తయితే అది విజయనగరం-రాయగడ-రాయపూర్ మార్గంతో కలుస్తుంది. అప్పుడు పలాస ప్రాంతపు సరకు నౌపడ దాటాక తీరాన్ని తాకకుండానే ఉత్తరాదికి వెళ్లగలదు. ఈ పొడిగింపును ప్రయాణికుల సౌకర్యంగానే కాక సరకు దారిగా కూడా త్వరగా పూర్తి చేయాలని మన పార్లమెంటు సభ్యులు అడగాలి.

ఇక లెక్కకు వస్తాను, ఎందుకంటే యజమానులు నన్ను అడిగేది చివరికి అదే. 80 కిలోల పిక్కల బస్తా ధర 12 వేల రూపాయలనీ, బ్యాంకు వడ్డీ ఏడాదికి 12 శాతమనీ అనుకుందాం. ఒక బస్తాను అదనంగా నెల రోజులు నిల్వ పెట్టడానికి వడ్డీ 120 రూపాయలవుతుంది. ఆ బస్తాలో సుమారు 21 కిలోల పప్పు వస్తుంది, అంటే కిలో పప్పు మీద పడే అదనపు భారం ఆరు రూపాయల లోపే. కిలో పప్పు అమ్మకం ధరతో పోలిస్తే అది ఏ పాటి? ఇంతవరకు విని యజమానులు తల ఊపుతారు. కానీ రోజుకు 20 బస్తాలు ఆడించే యూనిట్‌కు నెల నిల్వ అంటే, ఇరవై ఐదు పని రోజుల లెక్కన, 500 బస్తాలు. 60 లక్షల రూపాయలు. నెలకు 60 వేల వడ్డీ కట్టడానికి అతను సిద్ధపడినా, ఆ 60 లక్షల అప్పు పరిమితిని అతనికి ఏ బ్యాంకూ ఇవ్వదు. కాబట్టి నిల్వ పెట్టుకోవడం లేదని చిన్న యజమానిని తప్పుపట్టడం న్యాయం కాదు. అతనికి తెలివి ఉంది, పెట్టుబడి లేదు.

పది రోజుల నిల్వ అయితే 200 బస్తాలు, 24 లక్షలు. ఇరవై యూనిట్లు కలిసి ఇలా పెట్టుకుంటే ఉమ్మడి గోదాములో 4,000 బస్తాలు ఉంటాయి. అందరికీ ఒకే రోజున సరకు అయిపోదు. ఒకరి లారీ ఆలస్యమైతే మిగిలినవారి వాటా నుంచి తీసుకుని, తర్వాత జమ చేస్తారు. విడివిడిగా నెల నిల్వ ఇచ్చే ధైర్యంలో చాలా భాగం ఉమ్మడిగా పది రోజుల నిల్వతోనే దొరుకుతుంది. అయితే తుపాను వంటి ఆపదలో అందరూ ఒకేసారి గోదాము తలుపు తడతారన్నది నిజం. ఆ గోదామే నీట మునిగే ప్రమాదమూ ఉంది. అందుకని మొత్తం నిల్వను పలాసలోనే పెట్టకూడదు. హుద్‌హుద్ విశాఖను దెబ్బతీసింది, తిత్లీ పలాసను దెబ్బతీసింది. సగం విశాఖ వైపు, సగం ఇక్కడ, మెరక నేల మీద, ఎత్తైన అరుగులున్న గోదాముల్లో పెడితే ఏ తుపానుకూ రెండు సగాలూ ఒకేసారి పోకుండా చూసుకోవచ్చు. గిడ్డంగుల చట్టం 2007 కింద నమోదైన గోదాములో సరకు పెడితే ఎలక్ట్రానిక్ రసీదు ఇస్తారు. దాన్ని తాకట్టు పెట్టి బ్యాంకు నుంచి అప్పు తీసుకోవచ్చు, చేతులు మార్చి అమ్ముకోవచ్చు కూడా. ఈ రసీదు ఉంటే పొలమో ఇల్లో అదనంగా తాకట్టు పెట్టే అవస్థ తగ్గుతుంది. ఇది కొత్తగా కనిపెట్టవలసిన విధానం కాదు, పలాసలో జీడి పిక్కలకు వాడుకలోకి తేవలసిన విధానం.

జనరేటర్ల మాట కూడా ఇంతే. ప్రతి యూనిటూ మొత్తం యంత్రాలకు సరిపడా జనరేటరు కొననక్కర్లేదు. డ్రయ్యరు ఫ్యానుకూ, బాయిలరు మోటారుకూ చాలే చిన్న జనరేటరు, వారానికి సరిపడా డీజిలు ఉంటే చాలు, సగంలో ఉన్న సరకు దక్కుతుంది.

ఉద్దానం రైతు విషయాన్ని నేను ఈ చర్చకు కేంద్రంగా భావిస్తున్నాను. సముద్రం దాటి రానక్కర్లేని, డాలరుతో పని లేని, ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలో దొరికే పిక్క ఉద్దానానిదే. అయినా దాన్ని మనం విదేశీ పిక్క ధరను దించడానికో, పెంచి చూపడానికో బేరపు సాధనంగా వాడుకున్నాం. ఓడలు బాగా వచ్చిన ఏడాది స్థానిక పిక్కను అడిగే నాథుడు ఉండడు. రైతు తెచ్చిన బస్తాను తేమ పేరుతోనో, నాణ్యత పేరుతోనో వెనక్కి పంపుతారు. 80 కిలోల బస్తాకు 16 వేల రూపాయల మద్దతు ధర ఇవ్వాలని ఉద్దానం రైతులు రోడ్డెక్కినప్పుడు అది యూనిట్లకు వ్యతిరేకమైన డిమాండుగా మాట్లాడినవారున్నారు. నాకు అలా తోచలేదు. గిట్టుబాటు కాని తోటను ఏ రైతూ కాపాడడు. కూలిన చెట్టు స్థానంలో కొత్త మొక్క నాటితే మొదటి కాపుకే మూడు నాలుగేళ్లు, నిండు కాపుకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఆ లోపల రైతు ఆ నేలను అమ్ముకుంటే, లేదా వేరే పంటకు మళ్లితే, ఆఫ్రికా ఓడ ఆగిన రోజున మనకు చేయి చాచే చోటు ఉండదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది సరిగ్గా పిక్క రాలే కాలంలోనే. తోటల్లో పిక్క ఉంది, యూనిట్లలో కొనేవారు లేరు. గొలుసు ఆ వైపు నుంచి తెగితే నష్టపోయేది రైతేనని అప్పుడు రుజువైంది. యూనిట్ల సంఘం, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు కలిసి సీజనుకు ముందే, తమ అవసరంలో కొంత నిర్దిష్టమైన వాటాను ముందే ఒప్పుకున్న కనీస ధరకు కొనేలా రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. విదేశీ ధర పడిపోయిన ఏడాది యజమానికి ఇందులో కొంత నష్టం ఉంటుంది. దాన్ని బీమా ప్రీమియం కట్టినట్టే ఖర్చు పద్దులో రాసుకోవాలి.

స్థానిక ముడిసరకును వదులుకుంటే ఏమవుతుందో చూడటానికి మనం దూరం పోనక్కర్లేదు, విజయనగరం జిల్లా జూట్ మిల్లులను చూస్తే చాలు. ఒకప్పుడు విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో విస్తారంగా పండిన గోగునార ఆ మిల్లులకు ఆధారం. నారను నీళ్లలో ఊరబెట్టి, తీసి, ఉతికి ఆరేసే కష్టానికి తగిన ధర రాక రైతు మొక్కజొన్నకో మరో పంటకో మళ్లాడు. మిల్లులు బెంగాల్ జనపనార మీద ఆధారపడ్డాయి. 2020 మే 20న అంఫన్ తుపాను బెంగాల్‌ను తాకిన తర్వాతి సీజనుల్లో జనపనార ధర ఎంత పెరిగిందంటే, కేంద్రం 2021 సెప్టెంబరు చివర క్వింటాలుకు 6,500 రూపాయలని గరిష్ఠ ధర కట్టి, 2022 మేలో ఎత్తివేయవలసి వచ్చింది. ఇలాంటి ఒడుదొడుకుల్లో మన జిల్లా మిల్లుల గేట్లు మూతపడటం, కార్మికులు వాటి ముందు టెంట్లు వేసుకుని కూర్చోవడం మీ పత్రికలోనే ఎన్నోసార్లు వార్తగా చదివాం. ఆ మిల్లుల నుంచి గోనె సంచి రాకపోతే ఖరీఫ్ ధాన్యం కళ్లాల్లోనే ఆగుతుంది, ఆ బాధ మళ్లీ రైతుకే చేరుతుంది. పైడిభీమవరం మందుల కంపెనీల పరిస్థితి వేరు, వాటికి స్తోమత ఉంది. అయినా 2020 ఆరంభంలో చైనాలో కర్మాగారాలు మూతపడగానే దేశంలో మందుల ముడిపదార్థాలకు ఎంత కటకట వచ్చిందో, కేంద్రం ఆ మార్చిలోనే 26 రకాల ముడి మందులు, ఫార్ములేషన్ల ఎగుమతిపై ఆంక్షలు పెట్టి, 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ఎందుకు తేవలసి వచ్చిందో అందరికీ తెలుసు. అంత పెద్ద పరిశ్రమకే రెండో దారి అవసరమైనప్పుడు కాశీబుగ్గ యూనిట్ ఎంత!

సమాచారం ఎవరికి ముందు చేరుతుందన్నది కూడా పెట్టుబడి అంత ముఖ్యం. 2000 మార్చి 17న అమెరికాలోని ఆల్బకర్కీలో ఫిలిప్స్ చిప్పుల కర్మాగారంలో పిడుగు వల్ల చిన్న మంట రేగింది, నిమిషాల్లో ఆర్పేశారు. ఆ చిప్పుల మీద ఆధారపడిన రెండు ఫోన్ల కంపెనీల్లో నోకియా వెంటనే ప్రమాద తీవ్రతను పసిగట్టి వేరే చోట్ల నుంచి చిప్పులు సమకూర్చుకుంది. ఎరిక్సన్ ఆ వార్తను తేలిగ్గా తీసుకుని ఆ ఏడాది కోట్ల డాలర్లు నష్టపోయింది. మన దగ్గర ఓడ ఆలస్యమైన సంగతి చిన్న యూనిట్‌కు అందరికంటే చివర తెలుస్తుంది, అది కూడా ఏజెంటు చెప్పదలచుకున్నంతే. ఏ నౌకలో ఎంత పిక్క వస్తోంది, విశాఖలో ఎప్పుడు దిగుతుంది, ఎవరి గోదాములో ఎంత నిల్వ ఉంది అన్న వివరాలను యూనిట్ల సంఘం వారం వారం సభ్యులందరికీ తెలియజేయాలి. పోటీదారుల మధ్య రహస్యాలుంటాయన్నది ఒప్పుకుంటాను, కానీ నిల్వల మొత్తం లెక్క చెప్పడం వల్ల ఎవరి వ్యాపారమూ పోదు.

బీమా గురించి యజమానులకు ఒక హెచ్చరిక. చాలామంది బ్యాంకు అడిగినంత మేరకే బీమా చేయించి ఊరుకుంటున్నారు. ఐదు కోట్ల రూపాయల లోపు ఆస్తి ఉన్న సంస్థలకు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ తుపాను, వరద నష్టాలకు వర్తిస్తుంది. కానీ అక్టోబరులో గోదాములో ఉండే సరకు విలువ మే నెల విలువకు ఎన్నో రెట్లు ఉంటుంది. తక్కువ విలువ చూపి పాలసీ తీసుకుంటే పరిహారం కూడా ఆ మేరకు కోసుకుపోతుంది. యూనిట్ ఆగిపోయిన రోజుల ఆదాయ నష్టానికి వేరే కవరు తీసుకోవాలి, మామూలు పాలసీలో అది రాదు. లారీలో ఉన్న సరకుకూ అంతే.

అమ్మకం వైపు డబ్బు ఆగడం కూడా సరఫరా తెగడమే. దీపావళికి పంపిన పప్పు సొమ్ము సంక్రాంతి దాటినా రాకపోతే, ఫిబ్రవరిలో పిక్క కొనడానికి చేతిలో ఏమీ ఉండదు, మళ్లీ అదే దిగుమతిదారు అరువుకు లొంగవలసిందే. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆ గడువు దాటిన బకాయిని కొనుగోలుదారు ఆ ఏడాది ఆదాయ పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకునే వీలు కూడా పోయింది. చిన్న పరిశ్రమగా నమోదైనట్టు చూపే ఉద్యమ్ నమోదు సంఖ్యను బిల్లు మీద ముద్రించి, ఈ నిబంధనను మర్యాదగానే అయినా స్పష్టంగా గుర్తు చేస్తే చెల్లింపులు త్వరపడటం నేను చూశాను.

పీలింగ్, గ్రేడింగ్ చేసే ఆడవాళ్లకు కిలోల లెక్కన కూలి. యూనిట్ ఆగితే ఆ రోజు కూలి లేదు, ఆగింది వాళ్ల తప్పు కాకపోయినా. పది రోజులు పని లేకపోతే వాళ్లు చేతనైన చోటుకు వెళ్లిపోతారు, సరకు తిరిగి వచ్చాక చేతి పని తెలిసినవారు దొరకరు. ఆపద రోజులకు సగం కూలి అయినా చెల్లించే ఉమ్మడి నిధిని యూనిట్లు ఏర్పాటు చేసుకోవడం ధర్మం, వ్యాపారానికీ అవసరం.

ఈ పనులకు ఎవరో ఒకరు పిలుపు ఇవ్వాలి. జిల్లా కలెక్టరు గారు, జిల్లా పరిశ్రమల కేంద్రం వారు ఏటా ఆగస్టులో, తుపానుల కాలానికి ముందు, పలాసలో ఒక సమావేశం పెట్టి యూనిట్ల సంఘాన్నీ, రైతు సంఘాలనూ, బ్యాంకులనూ, విద్యుత్ పంపిణీ సంస్థనూ, బీమా కంపెనీలనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. తుపాను తర్వాత ఆసుపత్రులకు, తాగునీటి పథకాలకు కరెంటు ఇచ్చాక, పారిశ్రామికవాడ ఫీడరుకు (అక్కడికి కరెంటు తెచ్చే లైనుకు) ఎన్నో రోజున కరెంటు వస్తుందో ఆ సమావేశంలోనే రాతపూర్వకంగా చెప్పాలి. మూడో రోజు వస్తుందా, పదో రోజు వస్తుందా అన్నది ముందే తెలిస్తే, ఎంత డీజిలు నిల్వ పెట్టుకోవాలో, ఎంత సరకును ముందుగా తరలించాలో ప్రతి యజమానీ తన లెక్క తాను వేసుకోగలడు.

భవదీయుడు,
జీడి యూనిట్ల ఖాతాలు చూసేవాడొకడు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా.